ముగింపు చూడని గేటక్క

పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకున్నాక గేటక్క చేసే మొదటి పని, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడటం. నిన్న సినిమాకి ఎవరెవరు వచ్చారో ఆమెకి తెలుసు. టికెట్లు చించి లోపలికి పంపింది తనే కదా. పాలవాడు కనిపించినా, బట్టల కొట్టు గుమాస్తా కనిపించినా ఒకటే ప్రశ్న.

"చివరికి ఎవరు ఎవర్ని బోల్తా కొట్టించారు?"

మా వీధి మలుపులో ఉన్న సినిమా హాల్లో ఆమె గేటు దగ్గర పనిచేస్తుంది. ఆఖరి పాట అయిపోగానే పక్క తలుపుకి వేలాడే గుడ్డ తెర వెనక్కి వెళ్లి గొళ్ళెం తీసి, బయట వరండాలో కాచుకుని ఉండాలి. ఆట వదిలాక జనం తొక్కుకోకుండా చూడాలి, ముసలివాళ్లకి మెట్ల దగ్గర చెయ్యి అందించాలి. మామూలు సినిమాలైతే ఆమెకి పేచీ లేదు. మోసగాళ్ల సినిమాలతోనే వచ్చింది చిక్కు. వాటి ప్రాణమంతా ఆ పాట తరువాత వచ్చే, ఆమె చూడని చివరి కాస్తలోనే ఉంటుంది. అందుకే ఈ పొద్దుటి విచారణ. పాలవాడు పోలీసే దొంగ అంటాడు, గుమాస్తా కాదు చచ్చిపోయినవాడే దొంగ అంటాడు. ఆ రెండూ కలిపి ఆమె సొంతంగా ఒక ముగింపు వండుకుంటుంది.

"పొద్దున లేస్తే దేవుడా అంటావు, మళ్లీ ఈ దొంగల కథలేమిటక్కా?" అని ఒకసారి అడిగాను.

"బయట మోసపోతే ఇంటికొచ్చి ఏడుస్తాం. అక్కడ టికెట్టు కొనుక్కుని మరీ మోసపోతాం, పైగా చప్పట్లు! వరండాలోంచి నేను చూస్తుంటాగా. కొట్లాట సినిమా చూసినవాళ్లు మెట్ల మీద తోసుకుంటారు. ఈ సినిమా చూసినవాళ్లు ముక్కూమొహం తెలియనివాణ్ణి ఆపి, 'నువ్వు కనిపెట్టావా? నేనూ లేదు!' అని నవ్వుతారు. అందరూ ఒకేసారి బోల్తా పడ్డారు కదా, ఇంక ఎవడికన్నా ఎవడు గొప్ప?"

ఆ తరువాత నేనూ గమనించాను. నిజమే, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ దిగుతారు.

ఈమధ్య నగల కొట్టుని ముంచే ముగ్గురి సినిమా వచ్చింది. దీని ముగింపు మాత్రం ఒకరు చెప్పగా వినను, కళ్లతో చూస్తానని గేటక్క పంతం పట్టింది. పొద్దుటి ప్రశ్న మానేసింది. కానీ ఇంట్లో మరిది ఉన్నాడే! బస్సు కండక్టరు, మొదటి రోజే చూసొచ్చాడు.

"వదినా, ఆ గుడ్డివాడు ఉన్నాడు చూడూ..."

"గరిటె తిరగేశానంటే నీకు కళ్లు కనపడవు!"

"చెప్పారంటే ఈ పూట పస్తే," అంది లోపల్నించి అతని భార్య. గేటక్క లేకుండా చూడకూడదని ఆ పిల్లా ఇంకా సినిమాకి వెళ్లలేదు.

చివరికి గేటక్క మేనేజరుని అడిగింది. ఆయన మంచివాడు. "ఏమ్మా, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదేం? వెళ్లి కూర్చో. మ్యాట్నీకి తలుపు దగ్గర నేనుంటా," అన్నాడు. తోడికోడలికి ఆ రోజు కుట్టి ఇవ్వాల్సిన బట్టలున్నాయి. గేటక్క ఒక్కతే వెళ్లింది.

కుర్చీలో దర్జాగా కూర్చుంది. నగలు మాయమయ్యాయి, గుడ్డివాడు దొరికిపోయాడు, ఆఖరి పాట వచ్చింది. పాట ఆగిందో లేదో, ఆమె కాళ్లు లేచి నిలబడ్డాయి. ఆలస్యమైపోయిందన్న కంగారులో నలుగురి మోకాళ్లు దాటుకుంటూ పరిగెత్తి, గుడ్డ తెర పక్కకి లాగి, తలుపు బార్లా తెరిచింది. ఎదురుగా వరండాలో మేనేజరు!

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"తలుపు తియ్యొద్దా సార్?"

"ఇవాళ గొళ్ళెం నేను తీసేశా కదా!"

సరిగ్గా అప్పుడే వెనకాల హాలంతా ఒక్కసారిగా "ఆఁ!" అంది. చప్పట్లు, ఈలలు. గేటక్క ఎండకి మొహం పెట్టి అలాగే నిలబడిపోయింది. బయటికి వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఆమె అందించిన చెయ్యి పట్టుకుని, "సరిగ్గా ఆ సమయానికి తలుపు తీసి, వెలుగు పెట్టి మమ్మల్ని బెదరగొట్టావు, నువ్వూ ఆ ముఠాయేనా?" అని నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

"రేపు మ్యాట్నీ ఒక్కటే ఉంది, సాయంత్రం కొత్త బొమ్మ," అన్నాడు మేనేజరు. "రేపూ నేనే నిలబడతాలే. కానీ నీ కాళ్లకి ఎవరు చెబుతారు?"

కుట్టడానికిచ్చిన బట్టల కోసం ఆ సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. సంగతి విని మరిది పడీపడీ నవ్వాడు. "పోనీ చెప్పెయ్యనా వదినా?" అని జాలిగానే అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మిషను దగ్గరకి వెళ్లి తోడికోడలి పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"రేపు పనంతా పక్కన పెట్టి నాతో రావే," అంది. "నా పక్కనే కూర్చో. ఆఖరి పాట అవగానే నా చెయ్యి గట్టిగా పట్టుకో. తలుపు తియ్యాలి, వదలమంటాను. బతిమాలతాను, తిడతాను, కడుపునొప్పి అని కూడా అంటానేమో. నేనేం చెప్పినా నమ్మకు."