అడిగితే రెండు దెబ్బలు

బట్టల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ వాపసక్క అంటారు. కుట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలన్నీ చివరికి ఆవిడ బల్ల మీదికే వస్తాయి. గుండీ కాస్త పక్కకి జరిగినా, కాలరు కింద దారం ముక్క వేలాడినా, సుద్దతో గీత గీసి వాపసు పంపేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. సూపర్‌వైజరు బతిమాలినా, కుట్టినమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకున్నా గీత గీతే. అలాగని రాతిగుండె మనిషి అనుకునేరు! ఏడ్చిన అమ్మాయి పక్కనే కూర్చుని ఆ కాలరు విప్పి తనే దగ్గరుండి కుట్టిస్తుంది. గీత మాత్రం చెరపదు.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు చూడండి. ఆయన గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే మెకానిక్. ఇంజను దగ్గర ఎవర్నీ ఏదీ అడగడు. చెవి పెట్టి వింటే చాలు, రోగం ఏమిటో చెప్పేస్తాడు. షెడ్డు దాటి బయటికొచ్చాడా, అన్నిటికీ పెళ్లామే. “ఏమే, నీలం చొక్కానా, తెల్లదా?” “గొడుగు పట్టుకెళ్లనా?” “జుట్టు ఇవాళ కత్తిరించుకోనా, ఇంకో వారం ఆగనా?” ఆవిడ విసుక్కుంటూనే చెప్పేది. “నేను లేకపోతే ఏ కాలికి ఏ చెప్పో కూడా తెలీదమ్మా ఈ మనిషికి” అని ఫ్యాక్టరీలో చెప్పి నలుగుర్నీ నవ్వించేది.

మైదానానికి సోమవారం సెలవు. ఆ రోజు పనివాళ్లు ఆడుకోవచ్చు. మెంబర్లు పారేసిన కర్రలతో పద్నాలుగేళ్లుగా ఆడుతున్నాడు మెకానిక్. పద్దెనిమిది గుంతల్లోనూ బంతి వెయ్యడానికి మొత్తం ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే లెక్క. ఎంత తక్కువైతే అంత గొప్ప. ఏడాదికోసారి జరిగే పనివాళ్ల పోటీలో వందలోపు ముగించిన వాళ్ల పేర్లు షెడ్డు గోడ మీద చెక్కపలకకి ఎక్కుతాయి. ఆ పలక కోసింది, రంగేసింది, పేర్లు రాసేది అంతా మెకానికే. పన్నెండు పేర్లు తన చేత్తో రాశాడు. తన పేరు రాసుకునే రోజు ఇంకా రాలేదు. ఇంతవరకు ఆయన చేసిన అతి మంచి ఆట నూట నాలుగు.

ఈసారి పోటీకి లెక్క రాసేవాళ్లు చాల్లేదు, ఇంట్లోవాళ్లని తెచ్చుకోమన్నారు. “నువ్వు రాస్తావా?” అని అడిగాడు. అడక్క ఏం చేస్తాడు! ఆవిడ ముందు రూల్సు పుస్తకం తెమ్మంది.

పదిరోజులు ఆ పుస్తకం భోజనాల బల్ల మీదే ఉంది. మైదానం హద్దుకి పాతిన తెల్ల గూటాలు దాటిందా, బంతి పోయినట్టే. ఒక దెబ్బ కలుపుకుని, ఇంతకుముందు కొట్టిన చోటికే వెళ్లి మళ్లీ కొట్టాలి. నీళ్లలో పడితే ఒక దెబ్బ కలుపుకుని బయట వేసుకోవచ్చు. కనపడని బంతి కోసం మూడే మూడు నిమిషాలు వెతకాలి. ఇసుక గొయ్యిలో కొట్టబోయేముందు కర్ర ఇసుకకి ఆనించకూడదు, ఆనిస్తే రెండు. ఇంకొకళ్ల బంతి కొడితే రెండు. ఆవిడకి ఆట తెగ నచ్చేసింది. ఇంత పద్ధతి గల ఆట ఉంటే ఇన్నాళ్లూ చెప్పలేదేమని మొగుణ్ణి కోప్పడింది కూడా.

“ఏవండీ, ఇది వినండి,” అంది ఒకరోజు, వేలు పేజీ మీద పెట్టి. “ఏ కర్రతో కొట్టను, ఎలా కొట్టను అని లెక్క రాసే మనిషిని అడక్కూడదట. అడిగితే రెండు దెబ్బలు. నేను జవాబు చెప్పకపోయినా సరే, అడగడమే తప్పు.”

“నేనెప్పుడడిగానే నిన్ను?” అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

“ఇప్పుడేగా, స్వెట్టరు వేసుకోనా వద్దా అని!”

పోటీ రోజు వాళ్లకి జోడీగా క్యాంటీన్ వంటాయన పడ్డాడు. మొదటి గుంత దగ్గరే మెకానిక్ రెండు కర్రలు పట్టుకుని పెళ్లాం వైపు తిరిగి నోరు తెరిచాడు. ఆవిడ కళ్లు ఉరిమింది. తెరిచిన నోరు వెంటనే మూసుకున్నాడు. మూడో గుంత దగ్గర ఆకాశాన్ని అడిగాడు. ఆకాశం లెక్కలోకి రాదు కాబట్టి ఆవిడ ఊరుకుంది. ఆరో గుంత దగ్గర బంతి నీళ్లలో పడితే ఒకటి వేసింది. తొమ్మిదో దగ్గర పొడుగు గడ్డిలో వెతుకుతూ తన బంతిని తనే తన్నేసుకుని, “వేసుకో ఒకటి” అన్నాడు మొహం వేలాడేసి.

“వెతికేటప్పుడు పొరపాటున తగిలితే ఏమీ లేదు. తీసి ఇందాక ఉన్నచోటే పెట్టండి.”

“ఇది సలహా కాదా మరి?”

“రూలు చెప్తే సలహా కాదు.”

వంటాయన నోరెళ్లబెట్టాడు.

పన్నెండో గుంత దాటాక ఆయన వెనక్కి తిరిగి చూడటం మానేశాడు. సంచిలోంచి కర్ర తీస్తున్నాడు, కొడుతున్నాడు, నడుస్తున్నాడు. బంతి కూడా బుద్ధిగా వెళ్తోంది. ఆవిడకి సంతోషంగానే ఉంది, కానీ ఎక్కడో వెలితిగా కూడా ఉంది. మూడు గంటలుగా ఆ మనిషి తనని ఏం చెయ్యనని ఒక్కసారీ అడగలేదు. పెళ్లయ్యాక ఇంతసేపు పక్కపక్కనే ఉండి అడక్కుండా ఉండటం ఇదే మొదలు. నేను లేకపోయినా ఈయనకి గడిచిపోతుందన్నమాట, అనుకుంది. అనుకున్నాక నడక కాస్త వెనకబడింది.

పదిహేడు గుంతలకి తొంభై మూడు. చివరిదాంట్లో ఆరు దెబ్బలు పట్టినా తొంభై తొమ్మిదే.

మొదటి దెబ్బ చక్కగా పడింది. రెండోదానికి ఎదురుగా చిన్న కుంట, అవతల జెండా. గాలి కూడా లేచింది. వంటాయన దూరంగా పొదల్లో తన బంతి కోసం దేవుళ్లాడుకుంటున్నాడు. మెకానిక్ సంచిలో చెయ్యి పెట్టి, కుంట వైపే చూస్తూ, “ఏమే, ఐదో నంబరు కర్ర తియ్యనా, ఏడోదా?” అన్నాడు.

నీలం చొక్కానా తెల్లదా అన్నట్టే అడిగాడు. ఆవిడ గుండె ఒక్కసారిగా వెచ్చబడింది, ఆ వెంటనే గతుక్కుమంది. బదులు చెప్పలేదు. ఆయనకి తను అడిగిన సంగతే తెలీదు. ఐదో నంబరు తీసి కొట్టాడు. బంతి కుంట దాటింది. ఇంకో మూడు దెబ్బల్లో గుంతలో పడింది.

“తొంభై ఎనిమిది!” అని వంటాయన ఆయన్ని ఎత్తినంత పని చేశాడు. షెడ్డులోవాళ్లు చప్పట్లు కొడుతూ వచ్చారు. రంగుడబ్బా మూత తీయడానికి ఎవరో పరిగెత్తారు. మెకానిక్ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. విన్నది తనొక్కతే. రాయకపోతే అడిగేవాడు లేడు. పెన్సిలు పట్టుకుని బల్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత లెక్క కార్డు చివరి గడిలో ఐదు అని వెయ్యలేదు, ఏడు అని వేసింది. మొత్తం వంద.

ఆయన్ని పక్కకి పిలిచి కార్డు చేతిలో పెట్టింది.

“కుంట ముందు నన్ను అడిగారు,” అంది.

“అడిగానా?”

“ఐదోదా, ఏడోదా అని.”

ఆయన కార్డు వైపు చూశాడు. ఆవిడ మొహం వైపు చూశాడు. “నువ్వన్నావంటే అడిగే ఉంటాను” అని పెన్సిలు తీసుకుని సంతకం పెట్టేశాడు. లోపలికి కేకేసి రంగుడబ్బా మూత పెట్టెయ్యమన్నాడు.

ఇద్దరూ సైకిలు స్టాండు వైపు నడిచారు. సంచి ఆయన భుజాన ఉంది.

“వచ్చే ఏడు లెక్క ఇంకెవరిచేతైనా రాయించుకోండి,” అందావిడ.

“ఎందుకే? కోపమొచ్చిందా నామీద?”

“సంచి నేను మోస్తాను. సంచి మోసే మనిషిని ఎన్నయినా అడగొచ్చు. అదీ పుస్తకంలోనే ఉంది.”

ఆయన ఆగిపోయాడు. “చాలా బరువే ఇది. మొయ్యగలవా?”

“మీరు అడుగుతూ ఉండండి, మోస్తాను,” అని ఆవిడ అప్పుడే ఆ సంచి లాక్కుని భుజానికి తగిలించుకుంది.