దుర్గవ్వ తగ్గించిన కిలోలు

కోరుట్లలో బస్టాండు వెనకున్న ఆ చిన్న ప్రసూతి ఆసుపత్రిలో దుర్గవ్వ ఆయా. ఊడ్వాలి, తుడవాలి, పక్కగుడ్డలు మార్చాలి, బాలింతలకు నీళ్ళు కాచివ్వాలి. ఇవన్నీ చేసేది గానీ, ఆమె మనసులో తన అసలు ఉద్యోగం మాత్రం డాక్టరమ్మ గది ముందున్న బరువు కాంటా దగ్గరే. కడుపుతో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే దాని మీద నిలబెట్టి, వంగి ముల్లు చూసి, కార్డు మీద అంకె వేసి లోపలికి పంపేది. నాలుగో తరగతి దాకా చదువుకుంది కాబట్టి అంకెలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా రాసేది. ఆ రాత చూసుకుని కాస్త మురిసేది కూడా.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆమె బీడీలు చుట్టింది. ఆ రోజుల్లో కాంటా పేరెత్తితేనే ఆమెకు ఒళ్ళు మండేది. కార్ఖానాలో గుమాస్తా తునికాకు తూచి ఇచ్చేటప్పుడు ముల్లు ఒక చోట ఆగేది, అదే ఆకు కిరాణా కొట్లో తూస్తే ఇంకో చోట ఆగేది. తక్కువ ఆకుతో లెక్క ప్రకారం బీడీలు చుట్టలేక మాటలు పడింది. కాంటా ఎప్పుడూ ఉన్నవాడి వైపే మొగ్గుతుందని ఆమెకు గట్టిగా తెలిసిపోయింది. నడుము పట్టేసి ఇక కూర్చోలేని పరిస్థితి వచ్చాక బీడీల చాట పక్కన పెట్టి ఆసుపత్రిలో చేరింది.

డాక్టరు సునంద మంచి డాక్టరు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా ఆమె చేతి గుణం గురించి చెబుతారు. నోటి గుణం గురించి కూడా చెబుతారు. ఒకప్పటి దొరల ఇంటి బిడ్డ. హైదరాబాదులో చదివి వచ్చినా గొంతులో ఆ ఇంటి అదిలింపు పోలేదు. బరువు తక్కువైతే తిట్టేది, ఎక్కువైతే ఇంకా తిట్టేది.

"ఏం తింటున్నవమ్మా? కూసోని తినుడేనా, ఏమన్న పని చేస్తున్నవా? గిట్ల పెరిగితే కోసి తియ్యాల్సి వస్తది. గప్పుడు నన్ననొద్దు."

వచ్చేవాళ్ళలో సగం మంది బీడీలు చుట్టే ఆడవాళ్ళు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు లేచే బతుకులు. కూర్చోకుండా బీడీ చుట్టే విద్య ఎవరూ ఇంకా కనిపెట్టలేదు. ఆ మాట డాక్టరమ్మతో అనే ధైర్యం ఎవరికుంటుంది? తల వంచుకుని వినేవారు. తర్వాతి నెల కాంటా ఎక్కే ముందు రోజు నుంచి కడుపు మాడ్చుకునేవారు. అట్లా పస్తుండి వచ్చిన ఒక పిల్ల ఓరోజు కాంటా మీదనే కళ్ళు తిరిగి దుర్గవ్వ చేతుల్లో పడిపోయింది.

ఆ రోజు నుంచి దుర్గవ్వ కిలోలు తగ్గించడం మొదలుపెట్టింది. ఒకటి చీరకు, ఒకటి వంటి మీది వెండికి అని తనకు తాను చెప్పుకునేది. ముల్లు అరవై చూపిస్తే యాభై ఎనిమిది రాసేది. లోపల తిట్లు తగ్గాయి. బయటికొచ్చే ముఖాలు తేటగా ఉండేవి. కొందరికి సంగతి తెలిసి ఆమె చేయి నొక్కి వెళ్ళేవారు. పుట్టి బుద్ధెరిగాక లేనివాళ్ళ వైపు మొగ్గిన కాంటా ఇదొక్కటేనని దుర్గవ్వకు గర్వంగా ఉండేది. ఇది ఆకు తూచే కాంటా కాదని, దాని మీది అంకెతో ఇంకో పని ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు తూస్తున్నామో ఆయాకు చెప్పాలని సునందకూ తోచలేదు.

ఒకప్పుడు దుర్గవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన కిష్టవ్వ కూతురు లావణ్య. పెద్దవ్వా, పెద్దవ్వా అంటూ దుర్గవ్వ కొంగు పట్టుకుని పెరిగింది. పిల్లలు లేని దుర్గవ్వకు ఆ పిల్ల అంటే ప్రాణం. పెళ్ళయి సిరిసిల్ల వెళ్ళింది. భర్త రాకేశ్ అక్కడ సాంచెల మీద పనిచేసేవాడు, పగలల్లా ఆ మగ్గాల మోతలోనే. తొలిచూలు కాబట్టి ఏడో నెలలో తల్లి దగ్గరికి వచ్చింది. కోరుట్లకు ఐదు కిలోమీటర్ల దూరంలోని పల్లె. అక్కడా ఊరికే ఉండలేక తల్లితోపాటు చాట ముందేసుకుని కూర్చుంది.

రాగానే మొదటిసారి చూపించుకున్న రోజే సునంద చేత తిట్లు తిన్నది. ఇంటికి వెళ్ళి రాత్రిపూట అన్నం మానేసింది. కిష్టవ్వ బతిమాలినా వినలేదు.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతబడ్డాయి, ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. ఎక్కడ చూసినా గులాబీ జెండాలు, రోడ్ల మీద వంటావార్పులు. సునంద కూడా రెండు రోజులు ధర్నాలో కూర్చొని వచ్చింది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఆసుపత్రి పక్కనున్న పరీక్షల గదికి వారం రోజులుగా తాళమే.

ఎనిమిదో నెల చూపించుకోవడానికి లావణ్య ఆ ఐదు కిలోమీటర్లూ నడిచి వచ్చింది. కాంటా ఎక్కింది. దుర్గవ్వ వంగి చూసింది. ముల్లు డెబ్బై దగ్గర ఆగింది. పదిహేను రోజుల కింద అరవై ఏడు ఉంటే అరవై ఐదని రాసింది. ఇప్పుడు అలవాటు ప్రకారం రెండు తీసినా అరవై ఎనిమిది. మూడు కిలోలు పెరిగిందంటే లోపల ఈ పిల్ల గతేం కాను? ఎన్నడూ లేనిది ఆ రోజు నాలుగు తగ్గించింది.

"ఎంతొచ్చింది పెద్దవ్వా?"

"అరవై ఆరు బిడ్డ. ఒక్క కిలోనే. ఏమనది తియ్యి, పో."

లావణ్య ముఖం వెలిగింది. కాళ్ళు ఉబ్బి చెప్పుల పట్టీలు అచ్చు పడి ఉండడం దుర్గవ్వ చూసింది. చూసి ఊరుకుంది. బీడీలు చుట్టేవాళ్ళ కాళ్ళు ఉబ్బకుండా ఎప్పుడున్నాయి గనక?

లోపల సునంద బీపీ చూసింది. కొంచెం ఎక్కువ ఉంది. కాళ్ళు చూసింది. నడిచొచ్చిన కాళ్ళు. కార్డు చూసింది. బరువు పద్ధతిగా ఉంది. మూత్ర పరీక్ష చేయిద్దామంటే గదికి తాళం.

"మంచిగనే ఉన్నవ్. తిండి గిట్లనే చూసుకో. పదిహేను దినాలకు మళ్ళ రా," అని పంపించింది.

పది రోజులు గడిచాయి. ఓ మధ్యాహ్నం కిష్టవ్వ కూతురిని ట్రాక్టరులో తీసుకొచ్చింది. తల పగిలిపోతోందని, కళ్ళముందు మసకమసకగా ఉందని లావణ్య గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం ఉబ్బి, వేలికున్న ఉంగరం లోపలికి దిగబడిపోయింది. బరువు చూడమని ఆ రోజు ఎవరూ అనలేదు. సునంద బీపీ చూసింది. పోయినసారి కంటే ఇంకొంచెం పెరిగింది. మళ్ళీ కార్డు తిరగేసింది.

"ట్రాక్టరు కుదుపులకు తల నొస్తున్నట్టుంది. తిన్నదో లేదో గూడ. మాత్ర ఇస్తున్న, పండుకోనియ్యిండ్రి. సాయంత్రం మళ్ళ చూస్త."

తలుపు దగ్గర నిలబడ్డ దుర్గవ్వకు సునంద చేతిలోని కార్డు కనిపిస్తోంది. తను రాసిన గుండ్రటి అంకెలు కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ ఆ అంకెలను నమ్మి మాట్లాడుతోందని ఆమెకు అప్పుడు అర్థమైంది. చెబితే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, కిష్టవ్వకు ముఖం ఎట్లా చూపించాలి? చెప్పకపోతే ఆ గోడ దగ్గర కూర్చున్న పిల్ల ఏమవుతుందో తెలియదు. గడప దాటి లోపలికొచ్చింది.

"అమ్మా, గా అంకె తప్పు," అంది.

సునంద తలెత్తింది. "ఏ అంకె?"

"బరువు. గా దినం డెబ్బై ఉండె. నేను నాలుగు తగ్గించి రాసిన. మీరు తిడుతరని."

సునంద లేచి లావణ్యను తన చేత్తోనే కాంటా ఎక్కించింది. డెబ్బై మూడు. ఎన్నాళ్ళుగానో వాడని స్పిరిటు దీపం వెతికి తీసి, గాజు గొట్టంలో మూత్రం పోసి తనే వేడిచేసింది. చూస్తుండగానే అది తెల్లగా పెరుగులా తోడుకుంది. మూత్రంలో ప్రొటీను పోతోందనడానికి అది గుర్తు.

"ఇది తిండి బరువు కాదు దుర్గవ్వా, ఒంట్లె చేరిన నీరు. బీపీ లోపల్లోపలే తినేస్తున్నది," అని కారు తాళాలు తీసుకుంది.

జగిత్యాల పెద్దాసుపత్రికి కారు సునందే నడిపింది. వెనక సీట్లో లావణ్య తల దుర్గవ్వ ఒళ్ళో, కాళ్ళు కిష్టవ్వ ఒళ్ళో. సగం దారిలో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి జనం వంటకు పొయ్యిలు పెట్టారు. దుర్గవ్వ దిగి, కడుపుతో ఉన్న పిల్ల, పానం మీదికొచ్చిందని ఒక్క మాట చెప్పింది. మగవాళ్ళు రాళ్ళు దొర్లించారు, ఆడవాళ్ళు కాలుతున్న పొయ్యిలోంచి కట్టెలు లాగి దారి చేశారు. అయినా ఆసుపత్రి గేటు దాటుతుండగా లావణ్యకు ఫిట్సు వచ్చింది. పళ్ళ మధ్య నాలుక పడకుండా దుర్గవ్వ తన కొంగు దూర్చింది.

సూదిమందు ఇచ్చారు, ఆపరేషన్ చేశారు. లావణ్య బతికింది. ఆడపిల్ల పుట్టింది. చిటికెనవేలి గోరంత ముక్కు, నిండా జుట్టు. నెలలు నిండని ఆ పిల్ల మర్నాడు పొద్దున దాకా ఉండి కన్నుమూసింది. పది రోజుల ముందు పట్టుకుని ఉంటే మందులతో ఆపి చూసేవాళ్ళమని అక్కడి డాక్టరు అన్నాడు. కసురుకోలేదు. ఉన్నమాట చెప్పాడు.

వరండాలో సునంద, దుర్గవ్వ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అట్లా కూర్చోవడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

"ఎంతమందికి తగ్గించినవ్?"

"అందరికి."

సునంద కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి బీరువాలో దాచిన కార్డులన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగి ఉంటాయి.

"నా నోటికి భయపడి నువ్వు అంకె మార్చినవ్. నేను నీ అంకెను చూసుకోని బీపీని వదిలేసిన. పరీక్ష గూడ నేనే చేసుకోవచ్చు గా దినం, చెయ్యలే. నిన్ను తీసెయ్య. గని రేపటి సంది కాంటా కాడికి రాకు. అందర్ని పిలిపిచ్చి నేనే జోకుత," అంది.

దుర్గవ్వ తల ఊపింది. కాంటా పోయిందన్న బాధ ఆమెకు ఇసుమంత కూడా లేదు. లోపల పడుకున్న పిల్లకు ఇంకా ఏమీ తెలియదన్నదే ఆమెను కోసేస్తోంది.

రాకేశ్ సిరిసిల్ల నుంచి కొంత నడిచి, కొంత ఎవరెవరి బండ్ల మీదో వచ్చి చేరాడు. తల్లి ముఖం కూడా సరిగా చూడని బిడ్డను గుడ్డలో చుట్టుకుని, లావణ్యకు సంగతి చెప్పి, కిష్టవ్వను వెంటబెట్టుకుని మట్టి చేయడానికి ఊరికి వెళ్ళాడు. లావణ్య దగ్గర దుర్గవ్వ ఒక్కతే మిగిలింది.

మూడో రోజుకు లావణ్యకు మాట్లాడే ఓపిక వచ్చింది.

"పెద్దవ్వా, ఒకటి అడుగుత. నిజం జెప్పు," అంది. "నేను రాత్రిపూట బువ్వ బంద్ చేసిన గద. అవ్వ వద్దన్నా ఇనలే. గందుకే సచ్చిపోయిందా నా బిడ్డ?"

దుర్గవ్వ అవునన్నా కాదన్నా చాలు. దేవుడట్లా రాశాడంటే అందరూ నమ్ముతారు. తనను కన్నతల్లిలా చూసిన పిల్ల, ముందుముందూ అట్లాగే చూస్తుంది. కానీ అసలు కారణం తెలియక ఆ తప్పు తన మీదేసుకుని ఈ పిల్ల బతుకంతా మోస్తుంటే తను పక్కన కూర్చుని చూడాలి. అది ఆమె వల్ల కాలేదు.

"నీ తిండితోటి గాలె బిడ్డా. నేను జేసిన. గా దినం నువ్వు డెబ్బై ఉంటివి. నేను అరవై ఆరు రాసిన, డాక్టరమ్మ నిన్ను తిట్టొద్దని. ఉన్నదున్నట్టు రాస్తే గా దినమే పట్టుకునేది."

లావణ్య పైన తిరగని ఫ్యాను వైపు చూసింది. ఏడుస్తుందనుకుంది దుర్గవ్వ. తిడుతుందనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. లావణ్య గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది.

"గా దినం పొద్దటి సంది నాకు తలనొప్పుండె. లోపలికి పోయినంక డాక్టరమ్మకు జెప్పుదామనుకున్న. నువ్వు ఒక్క కిలోనే అంటివి. అంత మంచిగనే ఉంది గద, ఇగ గిదొకటి జెప్పి తిట్లెందుకు పడాలె అని జెప్పకుంటనే అచ్చిన," అంది. దుర్గవ్వ ఆమె చేయి పట్టుకోబోయి ఆగిపోయింది. "ఇంటిదాక సంబురపడుకుంట నడిసిన పెద్దవ్వా."