నిద్ర పరీక్షలో ఫస్టు

తైనాన్ ఊళ్లో ఏళ్ల తరబడి పిల్లల పేపర్లు దిద్దిన రుయ్‌చన్ టీచరుకు రిటైరయ్యాక నిద్ర కరువైంది. దాన్ని పట్టి తెచ్చుకోవడానికి ఆవిడ చెయ్యని తపస్సు లేదు. చీకటి పడకముందే పక్క ఎక్కడం, వేణ్ణీళ్లలో కాళ్లు నానబెట్టడం, ఎండు రేగుపళ్ల కషాయం. సాయంత్రం విందులు మానేసింది. చివరికి పాట కూడా మానేసింది. తంటా అక్కడే వచ్చింది. చిన్ననాటి నేస్తం పిహువా, ఆవిడా జంటగా పాడితే పార్కంతా ఆగి వినేది.

ఓ రోజు పిహువా ఫోనులో తెగేసి చెప్పింది. “శనివారం సాయంత్రం గుడి ఉత్సవంలో పాడాలి. రాకపోతే నీ చోటు చియెన్‌గారావిడకిచ్చేస్తానే!”

“ఆవిడ గొంతా! చెత్తబండి పాటే నయం.”

“చెత్తబండైనా వేళకొస్తుంది. నువ్వో?”

మాట తగిలింది. నిద్ర కుదిరితే పాటా దక్కుతుందని టీచరు నిద్ర డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. నర్సు ప్రశ్నల కాగితం చేతికిచ్చింది. నిద్ర కోసం తొందరగా పడుకుంటారా? నిద్ర చెడుతుందని పనులు మానుకుంటారా? టీచరుకు ప్రాణం లేచొచ్చింది. తన శ్రద్ధ గురించి ఇన్నాళ్లకు అడిగేవాళ్లు దొరికారు! అన్నిటికీ “ఎప్పుడూ” అన్న చోటే టిక్కు పెట్టింది. ఒకచోట “అప్పుడప్పుడు” అని పెట్టి, మనసొప్పక దిద్దుకుంది.

నర్సు టిక్కులకు మార్కులు కూడి కనుబొమలెత్తింది. “ఇన్ని మార్కులు ఇక్కడెవరికీ రాలేదండీ!”

“మరి ఊరికే వస్తాయా?” టీచరు చుట్టూ ఉన్నవాళ్ల వంక ఓ చూపు విసిరింది.

“అయ్యో, ఇందులో సున్నా వస్తేనే ఫస్టండీ. ఇవన్నీ నిద్రను బెదరగొట్టే పనులు.”

పక్క కుర్చీలో ముసలాయన నవ్వును దగ్గులో దాచుకున్నాడు. టీచరు చెవులు ఎర్రబడ్డాయి.

“అన్నీ మానేస్తాను, వచ్చే నెలకి సున్నా తెస్తాను,” అంది లోపలి గదిలో డాక్టరుతో.

“అదుగో, మళ్లీ పరీక్షే!” డాక్టరు నవ్వాడు. “మీరు మానుకున్నవాటిలో ఒక్కటి మళ్లీ మొదలుపెట్టండి, చాలు.”

శనివారం టీచరు వెళ్లేసరికి చియెన్‌గారావిడ మైకు పట్టుకుని గొంతు సవరించుకుంటోంది.

“రాణిగారు లేచారా?” అంది పిహువా.

“పడుకుంటేగా లేవడానికి! జరుగు.”

పిహువా చియెన్‌గారావిడ చేతిలో మైకు మెల్లగా తీసుకుని ఇటు అందించింది.

మర్నాడు పొద్దున్నే పిహువా ఫోను. “నిద్ర పట్టిందా?”

“ఎక్కడే! నువ్వు తప్పు పాడిన రెండో చరణమే చెవిలో తిరుగుతోంది. వచ్చే శనివారం అది సరిచెయ్యాలి.”

“వస్తావా?”

“రాకపోతే ఎవరు దిద్దుతారు?”