మొహాలు లేని ఫ్లెక్సీ

మా డ్రాయింగ్ టీచర్ గారు మొన్న సోమవారం పోయారు. కబురు నాకు రెండుసార్లు అందింది. మొదట వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. తర్వాత చల్లపల్లిలో నా ఫ్లెక్సీ షాపుకి ఆర్డరు వచ్చింది: మధ్యలో టీచర్ గారి ఫొటో, చుట్టూ అశ్రునివాళి ఘటిస్తున్న పూర్వ విద్యార్థుల మొహాలు. నల్ల కళ్లజోళ్లు పెట్టుకున్నవాళ్లు, ఫోన్ మాట్లాడుతున్నవాళ్లు. నాకు ఒళ్లు మండింది.

మావైపు మనిషి పోతే సెంటర్లో ఫ్లెక్సీ పడాల్సిందే. అందులో పోయినవాళ్లని వెతుక్కోవాలి. నా షాపుకి అన్నం పెట్టేవి అవే, కాదనను. కానీ ఈవిడకి మాత్రం అలాంటిది చెయ్యనన్నాను.

బడిలో ఆవిడ పీరియడ్‌ని లెక్కల మాస్టారు ఎప్పుడూ అడిగి లాక్కునేవారు. ఒకరోజు ఆవిడ ఇవ్వనన్నారు. "కూడికలు మీరు నేర్పుతున్నారు కదండీ. తీసివేత నన్ను నేర్పనివ్వండి." ఆ తర్వాత ఆయన మళ్లీ అడగలేదు.

గీత, ఆకారం, రంగు గురించి ఎవరైనా చెబుతారు. ఆవిడ ఖాళీ గురించి చెప్పేవారు. నేనొకసారి వరిచేను బొమ్మలో కొబ్బరిచెట్లు, ట్రాక్టరు, సూర్యుడు, కొంగ, అన్నీ కుక్కి తీసుకెళ్లాను. ఆవిడ ఒక్కోదాన్నీ అరచేత్తో మూసి, "ఇది లేకపోతే ఏం పోయిందిరా?" అని అడుగుతూ వచ్చారు. కొంగ దగ్గర చెయ్యి ఆగింది. "దీన్ని ఉంచు. చేను ఎంత పెద్దదో ఇదే చెబుతుంది." నాకు ఏడుపొచ్చింది. ఇవాళ ఆ అరచెయ్యి పుణ్యానే బతుకుతున్నాను.

ఆర్డరు తెచ్చినవాడు నా క్లాస్‌మేటే. ఇప్పుడు చిన్న సైజు లీడరు.

"మా మొహాలు లేకపోతే ఎవరు కట్టించారో ఎలా తెలుస్తుంది బావా?"

"తెలియక్కర్లేదు."

"అయితే పామర్రులో వేయించుకుంటాం."

"వేయించుకోండి. నాది నేను కడతాను."

సెంటర్లో రెండూ పక్కపక్కనే కట్టాం. నాదంతా తెలుపు. కింద ఒక మూల టీచర్ గారి చిన్న ఫొటో, పేరు. అంతే. "సగమే ప్రింటయిందేంటండీ?" అని అడిగినవాళ్లందరికీ పూర్తయిందనే చెప్పాను. ఇంకొకరు అడిగినా అదే చెబుతాను.

నిన్న సాయంత్రం అవనిగడ్డ బస్సు సెంటర్లో ఆగింది. కిటికీ పక్కన కూర్చున్నావిడ తల బయటికి పెట్టి, "అయ్యో, ఈ టీచర్ గారు పోయారా?" అంది. పక్క ఫ్లెక్సీ కింద మా లీడరు మెడ ఎత్తి ఇంకా తన మొహం వెతుక్కుంటున్నాడు.