కాకర ఒరుగుల కుండ

కామారెడ్డి స్టేషనులో పొద్దున ఏడు గంటలకు దిగాను. యుద్ధం నడుస్తున్న రోజులు. వైశాఖ మాసం. ప్లాట్‌ఫారం రాయి అప్పటికే కాలుతోంది. ఒంటి మీద ఖాకీ, కాళ్ళకు చుట్టిన గుడ్డ పట్టీలు, నీళ్ళ సీసా, ఒక దుప్పటి, ఒక తుపాకీ. తూటాలు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఎల్లారెడ్డి చేరాక తెలిసింది.

సైనికుడంటే మీకు మంచుకొండలు, గుండ్ల చప్పుడు గుర్తొస్తాయి. నాకు పడిన డ్యూటీ కూరగాయలు ఎండబెట్టించడం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వు రాదు.

ఆ ఏడు బావుల్లో నీళ్ళు దండిగా ఉన్నాయి. తోటలు విరగకాశాయి. వంకాయలు, కాకరకాయలు, గోకరకాయలు, అంటే గోరుచిక్కుళ్ళు, తినేవాళ్ళు లేక పశువుల ముందు పోస్తున్నారు. వాటిని ఒరుగులు చేసి, డబ్బాల్లో నింపి, చలికాలానికి పైదేశాల్లో ఉన్న పటాలాలకు పంపాలని హుకుం. నలభై రోజుల్లో రెండు వందల డబ్బాలు. నాది తాడ్వాయి. ఈ ప్రాంతం వాణ్ణని, ఈ మాట తెలుసునని నన్ను వేశారు.

క్యాంపు ఎల్లారెడ్డి ఊరి బయట పరుపుబండ మీద. చెట్టు లేదు. రెండు గుడారాలు, నాలుగు పొయ్యిలు. మనుషులం నలుగురం: హవల్దారు, వంటవాడు, డబ్బాలకు టంకం వేసేవాడు, నేను. పనికి ఊరి ఆడవాళ్ళు పదహారు మంది. తెల్లవారగానే వచ్చేవాళ్ళు. తొమ్మిదింటికల్లా కోయడం అయిపోవాలి. ఉప్పునీళ్ళలో ఒక పొంగు రానిచ్చి బండ మీద పరచాలి. మధ్యాహ్నం తిరగెయ్యాలి. నాలుగింటికి ఎత్తాలి. వడగాలికి పెదవులు పగిలేవి. బూటు అడుగున మేకులు కాలి అరికాలికి తగిలేవి. ఆడవాళ్ళకు ఆ బూట్లు కూడా లేవు.

వాళ్ళకు పెద్ద గంగవ్వ. యాభై దాటిన మనిషి. మొదటి రోజు నేను కాకర ముక్కలు కుప్పలుగా పోస్తుంటే చూసి అంది:

"తుపాకి పట్టుడు నేర్పిన్రు గని, కాకరకాయ పట్టుడు నేర్పలేదా కొడుకా?"

పదహారు మందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ క్యాంపులో నవ్విన రోజులు పదో పన్నెండో.

గంగవ్వకు ఒక పద్ధతి ఉండేది. బండ మీద నుంచి ఎత్తిన ఒరుగుల్ని వెంటనే నింపనిచ్చేది కాదు. చాటల్లో పోసి, గుడారం నీడన తెల్లవారే దాకా ఉంచాలి. ముట్టుకుంటే చల్లగా తగలాలి. అప్పుడే మూత. వేడిమీద మూస్తే లోపలే చెమటపట్టి బూజొస్తుంది. తాడ్వాయిలో మా అమ్మ కూడా అంతే చేసేది. నాకు కొత్త సంగతి కాదు.

పన్నెండో రోజు అకాల వాన పడింది. రెండు రోజుల సరుకు నాని పోయింది. హవల్దారు పట్నం మనిషి, లెక్క వెనకబడిందని మండిపడ్డాడు. ఇక నాలుగింటికి ఎత్తడం, ఐదింటికి టంకం అన్నాడు. చాటలు తీయించేశాడు.

గంగవ్వ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు ఈడి పిలగానివే. నీకెరుకే గద. జెర ఆయనకు చెప్పు."

పోయాను. గుడారం ముందు నిటారుగా నిలబడ్డాను. ఏందని అడిగాడు. నోట్లో మాట ఉంది. బయటికి వచ్చింది వేరే మాట.

"ఏం లేదు సాబ్. నీళ్ళు తెమ్మంటరా అని."

తెమ్మన్నాడు. తెచ్చాను.

మూడు వారాల తర్వాత బండ్లకు ఎత్తుతుంటే ఒక డబ్బా టంకం ఊడింది. వాసనకు ఎద్దు తల తిప్పుకుంది. హవల్దారు ఐదు డబ్బాలు కోయించాడు. ఐదింటిలోనూ నల్లటి బూజు. పెద్ద అధికారి తనిఖీకి నాలుగు రోజులుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లో తమ కోసం దాచుకున్న ఒరుగులు ఉంటాయని హవల్దారుకు తెలుసు. ఖాళీ అయిన డబ్బాలు నింపడానికి అవి తెమ్మన్నాడు. ఇండ్లు నాకు తెలుసు కాబట్టి నన్నే పొమ్మన్నాడు.

గంగవ్వ ఇంటికి పదకొండు గంటలకు చేరాము, నేనూ వంటవాడూ. ఆమె వంకాయ ఒరుగులు తానే తెచ్చి ముందు పెట్టింది. గోకరకాయవి పెట్టింది. మూలన ఇంకో కుండ ఉంది. వంటవాడు దాని మూత తీసి చూశాడు. కాకర.

"గది వద్దు," అంది. "కోడలు ఆశ్వీజంల బాలింత అయితది. పోయిన కాన్పుల పథ్యం లేక పాలు రాలె. పిల్ల దక్కలె. గది ముట్టకున్రి."

"హుకుం అవ్వా," అన్నాను.

"హుకుం సంగతి ఇడిసిపెట్టు. డబ్బలెందుకు మురిగినయో నీకెరుక, నాకెరుక."

కుండ వంటవాడి భుజం మీదికి ఎత్తాను. నా చేతులతోనే ఎత్తాను.

తనిఖీకి వచ్చిన పెద్దాయన డబ్బాలు పైనుంచి లెక్కపెట్టాడు. ఒక్కటీ తెరవలేదు. బాగుందన్నాడు. బండ్లు కామారెడ్డి పోయాయి.

వానలు మొదలయ్యాక నన్ను వెనక్కి పిలిచారు. కామారెడ్డిలో రైలు రావడానికి గంట టైముంది. స్టేషను గోదాములోకి తొంగి చూశాను. మా డబ్బాలు ఇంకా అక్కడే ఉన్నాయి, వరుసలు పేర్చి. వాటిని ఎవ్వరూ తీసుకుపోలేదని, కంపు భరించలేక తలుపు మూస్తున్నామని హమాలీ చెప్పాడు. నేను రైలెక్కాను.

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఇప్పుడు రాయగలను కాబట్టి రాస్తున్నాను. తాడ్వాయి నుంచి ఎల్లారెడ్డి ఒక పూట నడక. ఆ కాన్పు ఏమైందో కనుక్కోవడానికి ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు.

ఒక్కటి మాత్రం పోదు. ఆ రోజు కుండతో మేము బజారు మలుపు తిరిగాము. వెనక నుంచి పిలుపు. కోడలు. ఐదు నెలల కడుపు. వట్టి కాళ్ళతో ఎండలో నడిచి వస్తోంది. చేతిలో కుండ మూత.

"మూత మరిసిన్రు," అంది. "గాలి సొరితే మెత్తవడ్తయ్."

తీసుకున్నాను. మూత సరిగ్గా కూర్చోలేదు. కాలే దుమ్ములో ఆమె ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ నిలబడింది. నేను దాన్ని తిప్పి, అదిమి, బిగించే దాకా చూసింది. బిగిశాక వెనక్కి తిరిగి పోయింది.