తూచని బంగారం

నగలు చెయ్యడం నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. బాపట్లలో మా ఇంటి వరండాలో ఒక కంసాలి దొంగతనం చెయ్యకుండా కాపలా కాస్తూ నేర్చుకున్నాను. ఆయన దొంగ కాదు. ఆ సంగతి ఆయన తరఫున గట్టిగా చెప్పగలిగిన మనిషిని ఆ రోజు నేనొక్కదాన్నే. చెప్పవలసిన సమయానికి చెప్పలేదు.

అరవైల మొదట్లో మా నాయనమ్మ పోయింది. ఆవిడ కాసులపేరు కరిగించి ముగ్గురు మేనత్తలకూ తలా ఒక జత గాజులు చేయించాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. కాస్త కలిగిన ఇళ్ళవాళ్ళెవరూ ఆ రోజుల్లో బంగారాన్ని కంసాలి ఇంటికి పంపేవాళ్ళు కాదు. కంసాలే కుంపటీ పనిముట్ల పెట్టే మోసుకుని ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని, అందరి కళ్ళ ముందూ చెయ్యాలి. మొదటి రోజు బంగారం తూచి ఇస్తారు. సాయంత్రం దీపాల వేళకు చేసినంత మేరా మా ఇనప్పెట్టెలోకి వెళుతుంది. పని పూర్తయ్యాక మళ్ళీ తూస్తారు. ఈ మధ్యలో ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు ఆయన చేతులకేసి చూస్తూ కూర్చోవాలి. ఎంత మర్యాదస్తుల ఇల్లయినా ఇందులో తప్పేముందని ఎవరికీ తోచేది కాదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఎస్సెల్సీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. "నువ్వు కూర్చోవే. కళ్ళు ఆర్పావో, చెప్తా నీ పని" అన్నారు నాన్న. నాన్నకు కోపం ముక్కు మీద ఉండేది. మా అందరికీ ఆయనంటే హడలు.

కంసాలి ఆచారిగారికి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడుకు ఒక పక్క కాడ విరిగిపోతే దారంతో చెవికి కట్టుకునేవాడు. నేను దేనికి కూర్చున్నానో ఆయనకు తెలుసు. నావైపు చూడకుండా తన పని తను చేసుకునేవాడు. మొదటి రోజు ఒకే ఒక్క మాట చెప్పాడు.

"అమ్మాయిగారూ, ఈ కుంపట్లో బూడిద మాత్రం ఎవరూ ముట్టుకోకుండా చూడండి. కరిగించేటప్పుడు చిందిందీ రాలిందీ అంతా దీంట్లోనే పడుద్ది. ఆఖర్న మీ అందరి ముందే కడిగి తీస్తాను."

"అలాగేనండి" అన్నాను.

రెండు రోజులకల్లా నేను కాపలా సంగతి మర్చిపోయాను. ఆ చేతుల్ని చూస్తుంటే ఇంకేదీ గుర్తుండేది కాదు. చిల్లుల ఇనపరేకులో నుంచి తీగను ఒక్కో చిల్లూ మారుస్తూ లాగుతుంటే అది సన్నబడి సన్నబడి దారంలా వచ్చేది. నేను నోరు తెరుచుకుని చూడడం గమనించినట్టున్నాడు. మూడో రోజు పెట్టె అడుగునుంచి ఒక రాగి తీగ ముక్క తీసి నా ముందు పడేశాడు.

"ఊరికే కూర్చునే బదులు దీన్ని ఉంగరం చుట్టండి చూద్దాం."

చుట్టాను. వంకరగా వచ్చింది. మళ్ళీ చుట్టమన్నాడు. ఊదుగొట్టం ఇచ్చి మంట ఊదమన్నాడు. బుగ్గల్లో గాలి నింపుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, మంట తెగకుండా ఊదాలి. నాకు ఊపిరాడక కళ్ళ వెంట నీళ్ళు వచ్చేవి. ఆయన నవ్వేవాడు. "మా ఇంట్లో కోడలికి కూడా రాలేదమ్మా ఇది. తొందరేముంది?" అనేవాడు. అతుకు పట్టడానికి వెలిగారం ఎంత రాయాలో, అతుకు ఎంత ఎర్రబడ్డాక మంట తప్పించాలో చెప్పాడు. ఇంట్లోవాళ్ళు వచ్చే అలికిడి అయితే ఉంగరాన్ని పిడికిట్లో దాచేదాన్ని. ఆడపిల్ల కంసాలి పక్కన కూర్చుని కుంపటి ఊదుతోందని నాన్నకు తెలిస్తే ఇల్లు పీకి పందిరి వేసేవారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళాడు. నేను వరండాలోనే కూర్చుని నా రాగి ఉంగరం అతుకును ఆకురాయితో రుద్దుతున్నాను. మర్నాడు నాయనమ్మ మాసికం. పెరట్లో గుండిగలు తోముతున్న పనిమనిషి తట్ట పట్టుకుని వచ్చింది.

"బూడిద ఉందా అమ్మా?"

తల ఎత్తకుండానే "ఆ పక్కన ఉంది, తీసుకో" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఈ రోజుకీ నా గొంతు నాకు వినిపిస్తుంది.

ఊక బూడిదకు ఇత్తడి తళతళలాడుతుందని మా వైపు తెలియని ఆడది లేదు. ఆవిడ కుంపట్లోంచి పైసగం ఎత్తుకుపోయింది. తోమిన గుండిగలు బోర్లించిన చప్పుడుకు తల ఎత్తి చూసేసరికి కుంపటి సగం ఖాళీ. ఆచారిగారు వస్తే ఏమంటాడోనని భయం. ఒక్క చిన్న పనికి కూర్చోబెడితే అదీ చెయ్యలేకపోయానన్న అవమానం. దొడ్లో నీళ్ళ పొయ్యి కింద కూడా మేం ఊకే కాల్చేవాళ్ళం. గబగబా వెళ్ళి ఆ బూడిద తెచ్చి కుంపట్లో పోసి, పైన చదును చేశాను. రెండు బూడిదలకూ తేడా తెలియలేదు. బంగారం ఎంతని పోతుందిలే, ఏ నలుసో అంతేగా అని సర్దిచెప్పుకున్నాను.

పదో రోజు సాయంత్రం తూచారు. గాజులు, మిగిలిన ముక్క, ఆకురాయి పొడి అన్నీ వేసినా తక్కువే వచ్చింది. "బూడిద కడగాలి కదండీ" అన్నాడు ఆచారిగారు నిబ్బరంగా. పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగాడు. కొంత వచ్చింది. వెయ్యవలసిన తరుగు వేసినా ఇంకా తక్కువే. మళ్ళీ కడిగాడు. పళ్ళెం వెలుతురులోకి తిప్పి చూశాడు. మూడోసారి కడిగి, పళ్ళెం అడుగంతా వేలితో తడిమాడు.

"చిత్రంగా ఉందే. రావాలే" అన్నాడు తనలో తను.

"ఏమయ్యా ఆచారీ, ఇంకెంతసేపు కడుగుతావు? నీళ్ళల్లో పుడుతుందా?" అన్నారు నాన్న. మా బాబాయి ఇంకో అడుగు ముందుకు వేశాడు. వరండా మెట్ల మీద, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, ఆయన పైపంచె లాగి దులిపాడు. బొడ్లో వెతికాడు. నోరు తెరవమని అందులోకి కూడా చూశాడు. అక్కడే, తలుపు పక్కన నేను నిలబడి ఉన్నాను. బూడిద మార్చింది నేనేనని ఒక్క మాట చెబితే చాలు. నాన్న ముఖం చూసి నోరు పెగల్లేదు. ఆచారిగారు నావైపు చూడలేదు. నన్ను సాక్ష్యం అడగాలని కూడా ఆయనకు తోచలేదు. పనిముట్ల పెట్టె అక్కడే ఉంచి పొమ్మన్నారు. పంచె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అన్నం సయించక మూడో రోజున అమ్మకు చెప్పాను. అమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టి, పనిమనిషిని తీసుకుని బావి దగ్గర, గుండిగలు తోమిన నీళ్ళు పోయే కాలవలో ఒండ్రంతా ఎత్తించి చేటలో కడిగించింది. దొరికింది. చింతపిక్కంత కూడా లేదు. చిన్న చిన్న నలుసులు, రెండు మూడు గుండ్లు. అమ్మ వాటిని పసుపు గుడ్డలో మూట కట్టి నాన్న ముందు పెట్టింది.

నాన్న మూట విప్పి చూసి మళ్ళీ కట్టారు. తర్వాత "ఇప్పుడు వాడింటికి పోయి ఏమని చెప్పమంటావు? తప్పు మాదని వీధిలో నిలబడి చెప్పమంటావా?" అన్నారు. పెట్టెను పాలేరు చేత పంపించారు. మాట మాత్రం పంపలేదు. నువ్వైనా చెప్పమని అమ్మను బతిమాలాను. "నోరు మూసుకో. నీ పెళ్ళి కావాలా వద్దా?" అంది. ఆచారిగారి ఇల్లు మా వీధికి మూడు వీధుల అవతల. నాకు కాళ్ళున్నాయి. వెళ్ళలేదు. భయం అంటాను గానీ, భయం మూడు నెలలుంటుంది, ఆరు నెలలుంటుంది. తర్వాత ఉన్నది బద్ధకం లాంటిదేదో. దానికి ఇంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు.

మరో ఏడాదికి ఆయన బాపట్ల వదిలి తెనాలి వెళ్ళిపోయాడని విన్నాను. ఊళ్ళో ఎవరూ పని ఇవ్వలేదట.

నాకు రేపల్లెలో ఒక హైస్కూలు మాస్టారితో పెళ్ళయింది. అప్పటికి బంగారం కంట్రోలు వచ్చింది. పద్నాలుగు కారెట్లకు మించి కొత్త నగ చెయ్యకూడదన్నారు. పనులు లేక కంసాలులు తెనాలి బజారులో పనిముట్లు అమ్ముకుంటున్నారు. నేను రైల్లో వెళ్ళి ఒక పట్టకారు, ఊదుగొట్టం, చిన్న సుత్తి, తీగ లాగే రేకు కొనుక్కొచ్చాను. ఎవరి చేతిలోవో, ఎన్నేళ్ళు వాడినవో, సుత్తి పిడి బొటనవేలు ఆనేచోట గుంట పడి ఉంది. మా వారు చూసి "మాస్టారి జీతం చాలక మా ఆవిడ కంసాలి కొట్టు పెట్టింది" అని స్టాఫ్ రూమంతా చెప్పి నవ్వించారు. అడ్డు మాత్రం చెప్పలేదు.

ముందు రాగి, తర్వాత వెండి. వెండి నన్ను ఏడిపించింది. రాగిలా ఎర్రబడేదాకా ఆగితే అతుకుతో పాటు ఉంగరమూ కరిగి గుండులా కూర్చునేది. వెలిగారం ఎక్కువైతే పొంగి అతుకు వేసే తునక పక్కకు జరిగేది. మొదటి మట్టెల జత పనికొచ్చేట్టు కావడానికి ఒక వానాకాలం పట్టింది. నిజాంపట్నం నుంచి చేపల గంప తెచ్చే ఆవిడ అవి పెట్టుకుని, "బాగున్నాయమ్మా, గుచ్చుకోడం లేదు" అంది. ఆ రోజు నాకు అన్నం అక్కర్లేకపోయింది. ఆ పని చేస్తున్నంతసేపూ నేను హాయిగా ఉండేదాన్ని. అది తలుచుకుంటే సిగ్గేసేది. కూడు పెట్టే పని పోయి వాళ్ళు అమ్ముకున్న సామానుతో నేను సరదా తీర్చుకుంటున్నాను.

డెబ్బైల్లో ఒకసారి వెండి తీగ కోసం తెనాలి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి కొట్లో ఆచారిగారి గురించి అడిగాను. కొట్టతను ఒక సందు చూపించాడు. "బిందెలకి మాట్లేసుకుంటున్నాడండి. కంట్రోలు రాకముందే బంగారం ముట్టుకోడం మానేశాడు. తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయిందంటాడు. ఎంత చెప్పినా వినడు" అన్నాడు.

అప్పటిదాకా నేను ఆయన పరువు తీశాననే అనుకున్నాను. తీసింది అంతకన్నా పెద్దదని ఆ సందు మొదట్లో నిలబడి తెలుసుకున్నాను.

అరుగు మీద కూర్చుని చిల్లు బిందె ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. ఎవరి అమ్మాయినో చెప్పగానే లేవబోయాడు. కూర్చోమని, జరిగిందంతా చెప్పేశాను. పనిమనిషి తట్ట, నీళ్ళ పొయ్యి బూడిద, కాలవలో దొరకడం, అన్నీ. ఏడ్చాను కూడా. ఆయన తిట్టలేదు. బిందె పక్కన పెట్టి, చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు.

"కాలవలో ఎంత దొరికిందమ్మా?" అన్నాడు.

"కొంచెమేనండి. నలుసులు."

"తూకం ఎంతని అడుగుతున్నాను. ఆ రోజు ఎంత తగ్గిందో నాకు గుర్తుంది. అది నేను చెప్పను. ముందు మీరు చెప్పండి. రెండూ సరిపోతే..." అంతవరకే అన్నాడు.

నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ సంగతి అడగలేదు. కనుక్కుని వస్తానని చెప్పి మర్నాడే బాపట్ల వెళ్ళాను. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. అమ్మ పప్పు ఏరుతూ విని, "తూచడానికి ఏముందే అందులో? మీ పెద్దత్త మనవరాలికి పోగులు చేయించినప్పుడు మూటతో సహా ఇచ్చేశాం" అంది.

"ఎవరూ తూచలేదా?"

"దొరికింది కదా, ఇంకా తూచేదేంటి?"

తెనాలికి తిరిగి వస్తూ రైల్లో ఒక అంకె కల్పించాలని చూశాను. ఎన్ని గురిగింజల ఎత్తు అని చెప్పాలి? అది ఆయన లెక్కతో కలవకపోతే ఆ చేతికి రెండోసారి నేనే శిక్ష వేసినట్టవుతుంది. అందుకని ఉన్నదే చెప్పాను.

"తూచలేదటండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. నవ్వు లాంటిదేదో వచ్చింది.

"పోయినప్పుడు గురిగింజ ఎత్తు దాకా లెక్క అడిగారు తల్లీ. దొరికితే తూచకుండా ఉంటారా?"

"నిజమండి. ఒట్టు."

"ఒట్లు వద్దమ్మా. అవి ఆ రోజు మీ నాన్నగారి ముందు నేనూ పెట్టాను." బిందెను మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "ముసలాడు కుమిలిపోతున్నాడని ఎవరో చెప్పుంటారు. జాలిపడి ఇంత కథ అల్లుకుని రెండుసార్లు వచ్చారు. అదే పదివేలు. ఏమైందో నాకు తెలుసమ్మా. చెయ్యి తప్పింది. వయసొచ్చాక తప్పుద్ది."

నేను కాదన్నాను. అరిచాను కూడా. పక్కింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఆయన తలూపుతూ, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు "అవునండి, అలాగేనండి" అంటూ మాట్లు వేసుకున్నాడు. రేపల్లె రైలుకు వేళవుతోందని ఆయనే గుర్తు చేశాడు.

ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో పోయాడని కొట్టతను చెప్పాడు. తప్పు తన చేతిదేననుకుంటూ పోయాడు.