అంచు మీది నల్లచార

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మంచు ఇంకా కరగని మార్చిలో, అమెరికాలో ట్రాయ్ దగ్గరి లైబ్రరీలో నన్ను మెండింగ్ డెస్క్ నుంచి వీడింగ్‌కి మార్చారు. మెండింగ్ అంటే చిరిగిన పుస్తకాలు బాగుచేయడం. వీడింగ్ అంటే కలుపుతీత. ఐదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాల జాబితా కంప్యూటర్ ఇస్తుంది, మనం తొలగింపు ముద్ర కొట్టాలి.

ఆ జాబితాలో పాత గోథిక్ కథల సంపుటం ఉంది, అంటే పాడుబడ్డ ఇళ్లూ దయ్యాల భయాలూ నిండిన కథలు! నేను ఇంటర్‌తో ఆగినవాణ్ణి. అమెరికా సాహిత్యం నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, జిగురు ఆరేలోపు చదువుకున్నదే. సముద్రం అవతల కోటల్లో తిరిగే భయాన్ని ఈ అమెరికా రచయితలు చెక్క ఇళ్లలోకి, తాళం వేసిన గదుల్లోకి, తాతలు చేసిన పాపాల్లోకి తెచ్చుకున్నారు. తర్వాత నా చేతికొచ్చిన పెద్ద నవలల్లో, ముఖ్యంగా బానిసల చెమట మీద బతికిన దక్షిణాది కథల్లో, మళ్లీ ఆ ఇల్లే. ఈ సంపుటంలోని ఇరవై పేజీల కథొకటి ఒక దేశానికి తన పాపం చెప్పుకునే దారి చూపించిందంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఒక్కరూ చదవలేదని మా మేనేజరు స్క్రీన్ చూపించింది. నాకు ఒళ్లు మండింది. పుస్తకం మూసి అంచు చూడమన్నాను. తెల్లటి పేజీల మధ్య ఒకేచోట నల్లచార, వేళ్ల మురికి. ఆ ఇరవై పేజీల కథనే ఎందరో తిరగేశారు. చదివినవాళ్లు టేబుల్ మీద వదిలేస్తే సర్దేముందు స్కాన్ చేస్తాం కదా, ఆ లెక్కా సున్నాయే అందామె. శుక్రవారం దాకా గడువడిగాను.

గురువారం మధ్యాహ్నం మనిషి దొరికింది. కార్ల కంపెనీలో ఇంజనీరు, తెలుగు చర్చిలో పాటలు పాడే సునీతగారు, షెల్ఫు పక్కన నిలబడి చదువుతున్నారు.

“ఇంటికి తీసుకెళ్లొచ్చుగా అమ్మా?”

“దయ్యాల పుస్తకమా అంకుల్! మా అత్తయ్య చూస్తే పాస్టర్‌గారిని పిలిచి ఇల్లంతా ప్రార్థన చేయిస్తారు. లంచ్‌లో వచ్చి చదివి, ఎక్కడిది అక్కడ పెట్టేస్తా. మా బైబిల్ స్టడీలో ఇంకో ఇద్దరూ ఇంతే. చెప్పకండేం.”

“అలా సర్దబట్టే దానికి చావొచ్చింది!”

“మరి పడేసి పోవాలా? మా అమ్మ అలా పెంచలేదండీ,” అన్నారు. సంగతి చెప్పాక మాత్రం నవ్వు మానేసి, పుస్తకం తనే తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టి, చదివేది తామేనని చెప్పారు.

మేనేజరు ఆ చార మీద బొటనవేలు రాసింది. జాబితాలోంచి కొట్టేసి, కొత్త బైండింగ్ వేయమంది. బైండింగ్ వేసేటప్పుడు అంచు కోసి నున్నగా చేయడం పద్ధతి. నేను కోయలేదు.

పుస్తకం చచ్చిందో బతికుందో తేల్చాలంటే ముందు దాన్ని మూసి అంచు చూడాలి. స్క్రీన్ ఆ తర్వాత.